వెలిసిన నీలం

మా ఇంట్లో ఒక ప్రీమియర్ పద్మిని కారుంది. 1975 మోడల్. లేత నీలం. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో వేసిన రంగే ఇప్పటికీ దాని ఒంటిమీద ఉంది, ఒక్క ఎడమ ముందు మడ్‌గార్డు మీద తప్ప. ఆ రంగుని కాపాడే పని నాలుగేళ్ళుగా నేను చేస్తున్నాను. కాపాడటమంటే మళ్ళీ వేయించటం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నిలబెట్టటం. ఈ మాట చెప్పగానే చాలామంది ఒకటే అడుగుతారు: "నాలుగు డబ్బులు పారేస్తే కొత్తదానిలా చేసిస్తారు కదా, ఎందుకీ తంటా?" దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ కారు ఎవరిదో చెప్పాలి. చిక్కంతా అక్కడే ఉంది.

కాగితాల ప్రకారం ఆ కారు మొదట మా నాన్నది. 1994లో ఆయన పోయాక అన్నయ్యది. అప్పటికి అన్నయ్య మెడిసిన్ చదువుతున్నాడు. స్టీరింగ్ పట్టుకోవటం కూడా రాదు. మగపిల్లవాడు కాబట్టి వారసుడయ్యాడు. నిజానికి ఆ కారు కొన్నది అమ్మ. ఖమ్మంలో చిన్న కాన్పుల ఆసుపత్రి పెట్టుకుని నడుపుతూ, 1970లో పుట్టింటివాళ్ళు పెట్టిన కాసులపేరు అమ్మి బుకింగ్ డబ్బు కట్టింది. ఆడవాళ్ళ పేరు మీద కారేమిటని తాతయ్య అంటే, నాన్న పేరు రాయించారు. ఆ రోజుల్లో కారు కావాలంటే బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అమ్మ అయిదేళ్ళు చూసింది. బుక్ చేసినప్పుడు అది ఫియట్. తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. పెళ్ళయిన ఆడపిల్లలాగా పేరు మార్చుకుని మా గుమ్మం ముందుకొచ్చింది.

నడిపింది కూడా అమ్మే. 1975 నుంచి 2009 వరకు, 34 ఏళ్ళు. మధిర, వైరా, కూసుమంచి, నేలకొండపల్లి, ఎక్కడ కాన్పు కష్టమైందని కబురొచ్చినా అర్ధరాత్రి లేచి తాళం చెవులు తీసుకునేది. నాన్నకి డ్రైవింగ్ వచ్చుగానీ ఇష్టముండేది కాదు. అయినా ఊళ్ళో అది "లెక్చరర్‌గారి కారు". అమ్మ లెక్చరర్‌గారి కారు నడిపే డాక్టరమ్మ.

2025లో కారుకి యాభై ఏళ్ళు నిండాయి. అన్నయ్య హైదరాబాదులో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. పోర్టికోలో ఈ కారు పెట్టాలనీ, దానికి ముందు విజయవాడ ఆటోనగర్ పంపించి మొత్తం గీకించి, కింద ఎరుపు, పైన మీగడ తెలుపు వేయించాలనీ అతని కోరిక. పక్కన ఒక ఇత్తడి పలక, దానిమీద "నాన్నగారి కారు". ఇది అతను ప్రేమతోనే అన్నాడు. చట్టప్రకారం హక్కు కూడా అతనిదే. నా దగ్గర ఏ కాగితమూ లేదు. నా దగ్గరున్నదల్లా రంగు.

కాగితాల్లో అమ్మ పేరు ఎక్కడా లేదుగానీ రంగులో ఉంది. డ్రైవరు తలుపు మీద, కిటికీ అంచుకి సరిగ్గా కింద, జానెడు పొడవున సన్నటి గీతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, విల్లు వంపుతో, కొన్నిచోట్ల కింది ప్రైమర్ కనిపించేంత లోతుగా. అవి గాజుల గీతలు. కారుకి ఇండికేటర్లు ఉన్నా ఎడ్లబండివాళ్ళకీ సైకిళ్ళవాళ్ళకీ చేత్తో సైగ చెయ్యాల్సిందే. అమ్మ కుడిచెయ్యి ఎప్పుడూ కిటికీ బయటే ఉండేది. రెండు బంగారు గాజులు, మధ్యలో మట్టిగాజులు. నాన్న పోయాక ఆమె చేతికి వాచీ తప్ప ఇంకేమీ లేదు. అంటే ఆ గీతలన్నీ 1975కీ 1994కీ మధ్యవి. వాటికి తారీకులున్నాయన్నమాట.

ఎడమవైపు తలుపుల మీద ఇంకో రకం గీతలు, అడ్డంగా, పొడుగ్గా. ఎదురుగా బస్సో లారీయో వచ్చినప్పుడు చిన్న కారు రోడ్డు దిగి సర్కారు తుమ్మ కంపలోకి జరగాలి. ఆ ముళ్ళు గీసినవవి. బానెట్ నడుమ రూపాయి బిళ్ళంత లేత గులాబీ మరక. దసరాకి పెట్టిన కుంకుమ. నాన్న పోయిన సంవత్సరం కారుకి బొట్టు పెట్టటానికి అమ్మ చెయ్యి పనికిరాదని ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు అన్నారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తనే కుంకుమ భరిణ తెచ్చి బొట్టు పెట్టి, కారు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయింది. తర్వాత ప్రతి దసరాకీ అంతే. ఎండకి గుల్లబారిన రంగు దేన్నయినా పీల్చుకుంటుంది. ఆ ఎరుపుని కూడా పీల్చుకుంది.

గీకించి కొత్త రంగు వేస్తే ముందు పోయేవి ఇవే.

రంగు ఎందుకు వెలుస్తుందో నేను ఈ పనిలో పడ్డాకే తెలుసుకున్నాను. ఏ రంగులోనైనా ముఖ్యంగా రెండుంటాయి: రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే బంక. ఈనాటి కార్లకి రంగు మీద క్లియర్‌కోట్ అని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. ఎండ దెబ్బ ముందు దానికి తగులుతుంది. మా కారులాంటి పాతవాటికి ఆ పొర లేదు. రంగే చర్మం, రంగే గొడుగు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బంకని కొద్దికొద్దిగా తినేస్తాయి. పట్టు తప్పిన పొడి పైకి తేలుతుంది. వేలితో రాస్తే సున్నం గోడకి ఆనుకున్న చొక్కాలాగా వేలికి అంటుకుంటుంది. లేత రంగుల్లో తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ ఎండ తగిలితే తానే బంకని దెబ్బతీయటానికి తోడ్పడుతుంది. అందుకే ముదురు రంగులకంటే లేతవాటికి ఈ సుద్దబారటం వేరే తీరుగా, పాలు పోసినట్టుగా కనిపిస్తుంది. ఖమ్మం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పాతికేళ్ళపాటు ఆసుపత్రి ముందు వేపచెట్టు సగం నీడే ఆ కారుకి గతి.

మన భాషలో వెలియటం అనే మాట చిత్రమైంది. రంగు వెలిసింది అంటే పోయిందని. వాన వెలిసింది అంటే ఆగిందని. దేవుడు వెలిశాడు అంటే కనిపించాడని. కారు తలుపు తెరిచి సందులోకి చూస్తే అక్కడ ఎండ తగలని అసలు నీలం ఉంటుంది. బయట వెలిసిన నీలం. లోపలి నీలం ఫ్యాక్టరీ రోజు సంగతి మాత్రమే చెబుతుంది. బయటి నీలంలో వెలిసింది అమ్మ.

2021లో నేను ఖమ్మం కాలేజీకి బదిలీ చేయించుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. అప్పుడు రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది కారు. టార్పాలిన్ చేసే మేలుకంటే కీడు ఎక్కువ. లోపల చెమ్మ పడుతుంది, గాలికి కదిలినప్పుడల్లా దుమ్ముతో సహా రంగుని రుద్దుతుంది. ముందు దాన్ని తీసేశాను. తర్వాత మా ఊళ్ళో డెబ్బై దాటిన ఒక పెయింటింగ్ మేస్త్రిని పిలిపించాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు మీద అరచెయ్యి వేసి, "దీనిమీద పేపర్ పెట్టనివ్వకమ్మా, నిలవదు" అన్నాడు. పేపర్ అంటే వాటర్ పేపర్, పాత రంగుని గీకే గరుకు కాగితం. రంగు వేసి బతికిన మనిషి రంగు వెయ్యొద్దని చెప్పటం నాకు ఆశ్చర్యమేసింది.

ఆయన చెప్పిందీ, నేను చదివిందీ కలిపి చేసిన పని ఇది. మొదట నీడలో, ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు పనికిరావు. కార్ల కోసం చేసే మెత్తటి షాంపూ చాలు. రెండు బక్కెట్లు పెట్టుకోవాలి, ఒకటి సబ్బునీళ్ళకి, ఇంకొకటి గుడ్డ జాడించటానికి. లేకపోతే ఒకచోటి ఇసుక తీసి ఇంకోచోట గీసినట్టవుతుంది. తర్వాత ఎవరూ చూడని మూల, డిక్కీ అంచున, తెల్లగుడ్డతో కొంచెం పాలిష్ రుద్ది చూడాలి. గుడ్డ నీలమైతే అది పై పొర లేని పాత రంగే. తెలుపుగా ఉంటే పైన ఎవరో ఏదో పూశారని.

ఆ తర్వాత నూనె. నూనెలు ఎక్కువుండే గ్లేజులని కొన్ని ఉన్నాయి. అమెరికాలో పాత కార్లవాళ్ళు మెగ్వయర్స్ నంబర్ 7 అనేదాన్ని ఎన్నో ఏళ్ళుగా ఇందుకు వాడుతున్నారు. ఇవి గీకవు. బంక ఎండి గుల్లబారిన రంగులోకి దిగి దాన్ని తడుపుతాయి. ధారాళంగా పట్టించి తువ్వాలు గుడ్డతో రుద్ది, ఒక రాత్రంతా వదిలెయ్యాలి. తలంటుకి ముందురోజు రాత్రి మాడుకి నూనె పట్టించినట్టే. మర్నాడు తుడిచి మళ్ళీ పట్టించాలి. మా కారు పైకప్పుకి నాలుగు రాత్రులు పట్టింది. నాలుగో పొద్దున పాలనురుగు కింద నుంచి నీలం పైకి తేలింది. కొత్త నీలం కాదు. కడిగిన ముఖంలాంటి నీలం.

తర్వాత ఎంతో తేలికైన పాలిష్, చేత్తోనే, ఒక్కసారే. ఇక్కడే నిగ్రహం కావాలి. రుద్దినకొద్దీ మెరుస్తుంది. మెరిసినకొద్దీ రుద్దాలనిపిస్తుంది. కానీ గుడ్డకి అంటిన ప్రతి నీలం చుక్కా కారు నుంచి పోయిన నీలమే. మళ్ళీ రాదు. అంచుల దగ్గర, మలుపుల దగ్గర రంగు మామూలుగానే పల్చన. అక్కడ ఒక్క తుడుపు ఎక్కువైనా ఇనుము కనిపిస్తుంది. చివరికి మైనం. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం. అది ఎండనీ నీళ్ళనీ కొంతకాలం ఆపుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ పెట్టాలి. రంగు పూర్తిగా పోయి ఇనుము తేలినచోట తుప్పు నెమ్మదిగా తీసి, బాగా ఆరనిచ్చి, మ్యూజియంలలో లోహపు వస్తువులకి పూసే మైక్రోక్రిస్టలైన్ మైనం పూస్తాను. ఆ చుక్కల మీద కూడా రంగు అద్దను. కావాలంటే రేపు ఎవరైనా తుడిచేసి వేరేది చెయ్యగలగాలి. కొత్త రంగుకి ఆ వెసులుబాటు లేదు. పాత రంగుని గీకేశాక దాన్ని వెనక్కి తెచ్చే విద్య ఎవరి దగ్గరా లేదు.

ఈ పని కోసం రంగు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి కొన్నాను. ఇనుము మీద ఆనిస్తే పైపొర ఎంత మందముందో మైక్రాన్లలో చెబుతుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా వంద మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది, అంటే తలవెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ. కింద లప్పం పెట్టి ఉంటే అంకె వందల్లోకి, వేలల్లోకి పోతుంది.

మా బంధువర్గంలో ఒక పాత జోకుంది. "డాక్టరమ్మ డ్రైవింగా? కారు నిండా ఆవిడ పెట్టిన సొట్టలే, లప్పం తీస్తే కారే ఉండదు." పెళ్ళిళ్ళలో, పండగల్లో నలభై ఏళ్ళుగా విన్నాం. అమ్మ కూడా నవ్వేది. నేను కారు మొత్తాన్ని గళ్ళు గళ్ళుగా విభజించి కొలిచి నోటుబుక్కులో రాశాను. పైకప్పు 70, 75. కుడి తలుపులు 105, 110, 98. ఎడమ తలుపులు 112, 104. డిక్కీ 95. వెనక మడ్‌గార్డులు రెండూ వంద చుట్టుపక్కలే. ఎడమ ముందు మడ్‌గార్డు మాత్రం 740, ఒకచోట 1,100. ఆ మడ్‌గార్డు 1987లో దెబ్బతింది. నేనప్పుడు పన్నెండేళ్ళదాన్ని, వెనక సీట్లో ఉన్నాను. విజయవాడ వెళుతూ మైలురాయిని గుద్దారు. నడుపుతున్నది నాన్న. కారుకి ఉన్న ఒకే ఒక్క లప్పం అది. 34 ఏళ్ళు, చీకట్లో, మట్టిరోడ్ల మీద నడిపిన మనిషి రంగు కింద ఒక్క సొట్ట కూడా దాచుకోలేదు. ఆ అంకెల కాగితం ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "నిజమే. మర్చేపోయాను, నాన్న గుద్దింది." కొత్త రంగు వేయించి ఉంటే కారంతా ఒకటే అంకె చూపించేది. ఆ జోకు శాశ్వతంగా బతికేది.

ఇక మేస్త్రి సంగతి. ఆయన అరవై ఏళ్ళకే స్ప్రే గన్ పక్కన పెట్టేశాడు. ఆయాసం. ఈనాటి రంగుల్లో గట్టిదనం కోసం కలిపే హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చినవాళ్ళకి ఉబ్బసం వస్తుందని వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. మూతికి చేతిరుమాలు కట్టుకుని పనిచేసే షెడ్డుల్లో చెప్పేవాళ్ళెవరు? ఆయన భార్య ఒకరోజు మా ఇంటికి వచ్చింది. నేను తలుపు తుడవటం కాసేపు చూసి, గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, వేళ్ళు కాకుండా అరచెయ్యంతా ఆనేలా ఎలా తుడవాలో చూపించింది. నాకెలా తెలుసునన్నట్టు చూశాను. మేస్త్రే చెప్పాడు. "వాటర్ పేపర్ పనంతా దానిదేనమ్మా. పగలు షెడ్డులో నేను, రాత్రి ఇంటిదగ్గర డోర్లు, బానెట్లు అది. గన్ను పట్టిందొక్కటే నేను." కూలి? ఆవిడ నవ్వింది. ఊళ్ళో అద్దంలా మెరిసిన కార్లన్నిటికీ పేరు ఆయనది. కింద నునుపు ఆవిడ వేళ్ళది.

ఆ మాటతో నాకు ఈ పని గురించి ఒక విషయం స్పష్టమైంది. పునరుద్ధరణ వేరు, నిర్వహణ వేరు. పునరుద్ధరణకి ఒక ముందు ఫొటో, ఒక తర్వాత ఫొటో ఉంటాయి. చేసినవాడికి పేరుంటుంది. ఖర్చుకి లెక్క ఉంటుంది. ర్యాలీల్లో కప్పులుంటాయి. నిర్వహణకి ఇవేవీ లేవు. ఇవాళ తుడిస్తే రేపు మళ్ళీ దుమ్ము. బాగా చేస్తే ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. మానేస్తేనే తెలుస్తుంది. ఇలాంటి పని మనకి కొత్త కాదు. అంట్లు, వాకిలి, పిల్లల ముక్కులు, ముసలివాళ్ళ పక్కలు అన్నీ ఇదే. పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు అలికి అలికి తన పేరే మర్చిపోతుంది. ఆ పని ఏ పేరూ అడగదు కాబట్టి.

న్యూయార్క్ కళాకారిణి మియర్లె లేడర్‌మన్ యూకలీస్ బిడ్డని కన్నాక, 1969లో, నిర్వహణే తన కళ అని ఒక ప్రకటన రాసింది. 1973లో హార్ట్‌ఫోర్డ్‌లోని మ్యూజియం మెట్లని బక్కెట్టూ గుడ్డా పట్టుకుని కడిగి, అదే తన ప్రదర్శన అంది. మ్యూజియం లోపల బొమ్మలున్నాయి, వాటికి పేర్లున్నాయి. వాటి చుట్టూ నేలని రోజూ తుడిచేవాళ్ళకి లేవు. ఇది ఆమె గుర్తు చేసింది. నేను కళాకారిణిని కాను. ఆదివారాలు కారు తుడుస్తుంటే మాత్రం అది గుర్తొస్తూ ఉంటుంది.

పాత కార్లు సేకరించేవాళ్ళ ప్రపంచంలో ఈ పదిహేను, ఇరవై ఏళ్ళలో గాలి మారింది. పాత రంగుని గీకించకుండా ఉంచినదానికే విలువ పెరిగింది. అమెరికాలో పెబుల్ బీచ్ కార్ల పోటీలో అలా నిలబెట్టిన కార్లకి వేరే విభాగమే ఉంది. కారు ఫ్యాక్టరీ రంగుతో ఉండేది ఒక్కసారే అన్నది వాళ్ళ మంత్రం. కొత్త రంగుని కావాలని అరగదీసి వెలిసినట్టు కనిపించేలా చేసే షాపులు కూడా వచ్చాయి. ముడతల్ని కొనుక్కుంటున్నారన్నమాట. ఎవరి ముడతలు? అక్కడే నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. వెలిసిన బానెట్ చుట్టూ తిరిగి ఇదీ అందమంటే అనే ఆ సభలే నెరిసిన జుట్టు ఆడమనిషిని చూసి ఒంట్లో బాగాలేదా అంటాయి.

పద్మిని అన్న పేరే చూడండి. చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు కారుకి. 1540లో మాలిక్ ముహమ్మద్ జాయసీ రాసిన పద్మావత్ కావ్యంలోని రాణి. అల్లావుద్దీన్ అద్దంలో ఆమె ప్రతిబింబం చూస్తాడు. చివరికి ఆమె అగ్నిలో కాలిపోతుంది. అంటే చూడటానికి ఒక అందం, ముసలితనం రాకముందే ఒక చావు. ఆ పేరుతో లక్షలాది ఇళ్ళలోకి ఒక యంత్రం వచ్చింది. మా కారు వచ్చిన 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. ఫెయిర్ అండ్ లవ్లీ మన మార్కెట్లోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. నలభై అయిదేళ్ళు తెల్లదనం అమ్మి, 2020లో పేరులో ఆ మాట మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మా షెడ్డులో ఉన్నది మంటలో దూకకుండా ముసలిదైన పద్మిని. నాకు ఆమె అంటే ఇష్టం.

అయితే ఈ పోలికని మరీ సాగదీయకూడదు. అమ్మ డెబ్బై ఏళ్ళదాకా జుట్టుకి రంగేసుకుంది. ఒకరోజు మానేసింది. రెండూ ఆమె ఇష్టమే, రెండిటికీ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ముసలితనాన్ని చాటుకోవటం కూడా ఇంకో నియమమైతే అది కూడా బరువే. ఆడమనిషికి తన ముఖం గురించి నిర్ణయించుకునే హక్కుంది. కారుకి ముఖం లేదు, ఇష్టం లేదు. అందుకే దాని గురించి నిర్ణయించేవాళ్ళు అది ఎవరి బతుకుని మోస్తోందో చూసి నిర్ణయించాలి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. షెడ్డు ఉన్నవాళ్ళకే ఈ ముచ్చట. ముంబయిలో వేలాది పద్మినులు నలుపు పసుపు రంగుల్లో టాక్సీలుగా తిరిగాయి. చివరిగా నమోదైన టాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు తీరి, 2023 అక్టోబరు 30 నుంచి అవి రోడ్డు మీద లేవు. ఆ తలుపుల మీద ఎన్ని మోచేతుల అరుగుదల ఉండి ఉంటుంది? వాటిలో ఎక్కువ భాగం పాత ఇనుముగా తూకానికి పోయాయి. ఎవరి అరుగుదలని దాచుకోవాలో, ఎవరిది తూకానికి వెయ్యాలో డబ్బు నిర్ణయిస్తుంది. నేను కాపాడుతున్నది ఒక డాక్టరు కారు కాబట్టి మిగిలింది. మేస్త్రి భార్య వేళ్ళ గుర్తులు దాచిన షెడ్డు ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్య ఎండలు తగ్గాక వచ్చాడు. కారు ముందు కూర్చుని అమ్మనే అడిగాడు, రంగు వేయించనా వద్దా అని. అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. నేను ఏం వినాలనుకున్నానో అది అమ్మ అనలేదు. "నేను ముసలిదాన్నయ్యానని కారు కూడా ముసల్దానిలా ఉండాలని ఏముందిరా? ఎరుపు బాగానే ఉంటుంది" అంది. నా గుండె జారింది. కాసేపాగి, ఆసుపత్రిలో పక్క దులుపుతూ నర్సులకి చెప్పే గొంతుతో, "కానీ అది బాగానే ఉందిగా. శుభ్రంగా ఉండాలి, తుప్పు పట్టకూడదు. కొత్తగా ఉండి ఏం చెయ్యాలి?" అంది. ఈ రంగంలో పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పేది కూడా అంతకంటే ఎక్కువేం లేదు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, కిటికీ కింద గీతల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇవన్నీ నేనే?" అని అడిగింది. ఆమెకి తెలియదు. నడిపేవాళ్ళకి ఆ వైపు కనిపించదు కదా.

2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల కోసం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకి 20,000 రూపాయలు కడితే పదేళ్ళపాటు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి. ఆ నిర్వచనంలో రంగు మాట లేదు. కొత్త రంగుకి చట్టం అడ్డు రాదు. దరఖాస్తులో యజమాని పేరు రాసే గడి మాత్రం ఉంది. ముందు అమ్మ పేరుకి మార్పించి, తర్వాత దరఖాస్తు పెడదామని నేనన్నాను. అన్నయ్య "చూద్దాం" అన్నాడు. వదిన మాత్రం "చూసేదేముంది" అంది. అక్కడ ఆగింది విషయం.

రంగు వేయించటం లేదని మాత్రం ఒప్పుకున్నాడు. కారు హైదరాబాదు వెళుతుంది. పోర్టికో పడమటి ముఖం, సాయంత్రపు ఎండ నేరుగా తగులుతుంది, పరదా వేయించమన్నాను. ఎలా చూసుకోవాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. పక్షి రెట్ట పడితే ఆ పూటే తడిగుడ్డతో తియ్యాలి. పొడిగుడ్డతో దుమ్ము దులపకూడదు. వాన ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి మైనం. ఏడాదికోసారి మందం కొలిచి నోటుబుక్కులో రాయాలి. తుడిచేది పనిమనిషి అయితే ఆమెకి విడిగా జీతమివ్వాలి, పేరు నోటుబుక్కులో రాయాలి. కుడి ముందు తలుపు మీద, కిటికీ కింద జానెడు మేర ఏ పాలిషూ రుద్దకూడదు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పాలి.